ముద్ద కాల్చే శుక్రవారం

శుక్రవారం మధ్యాహ్నం మా ఇంట్లో తలుపులు మూసేవాళ్ళు. ఎండాకాలమైనా సరే, కరెంటు పోయినా సరే. మాది ఒకటే పొడవాటి గది, ఒక మూల వంట. దానికి ఉన్న ఒక్క కిటికీ మూసి, రెక్కల సందుల్లో పాత గోనెపట్టా ముక్కలు కుక్కి, వీధి తలుపుకు గడియ పెట్టిన తర్వాతే నాయన కుంపటి ముందు కూర్చునేవాడు. కుంపటి మీద ఇనుప గరిటె. గరిటెలో రేగుపండంత తెల్లటి ముద్ద. అందులో ఉన్నవి పాదరసం, బంగారం, రెండే. నిప్పుల మీద పెడితే పాదరసం ఆవిరై పోతుంది, బంగారం మిగులుతుంది. మా ఊళ్ళో దీన్ని ముద్ద కాల్చడం అంటారు.

కాల్చేటప్పుడు కుంపటికి అటువైపు, మగమనిషికి ఎదురుగా, ఇంటి ఆడమనిషి ఒకరు కూర్చోవాలి. ముద్ద తెల్లదనం పోయి పసుపు తిరిగేదాకా లేవకూడదు. ఆమె ముత్తైదువై ఉండాలి. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే, ఐదో నెల నిండాక ఆమే కూర్చోవాలి, ఇంకెవరూ కూర్చోకూడదు. "నిండు మనిషి ఎదురుంటే బంగారు నిండుగా నిలబడతాది" అని మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, చెప్పేది. పెండ్లికాని పిల్ల పొరపాటున కూడా ఆ చోట కూర్చోకూడదు. కూర్చుంటే బంగారం కూడా ఆ పిల్లలాగే వేరే ఇంటికి పోతుందట. అందుకని నేను చిన్నప్పటినుంచి జొన్నల డబ్బా పక్కన నక్కి చూసేదాన్ని. చెమటలో అమ్మ ముఖం, నిప్పుల వెలుగులో నాయన ముఖం. నాకు ఆ కాసేపు బాగుండేది. నాకు మాట్లాడడం రాదు. ఎవరూ మాట్లాడని చోటు ఏదైనా నాకు ఇష్టమే.

తలుపులెందుకు మూయాలని నేను ఎవరినీ అడగలేదు. మా మెట్టమీద గాలి ఊరకే ఉండదు. దానికోసమే చుట్టూ గుట్టల మీద గాలిమరలు పాతారు. గాలి సోకితే ముద్దలో ఉన్న లక్ష్మి దాని వెంట పోతుందని జేజి నమ్మకం. నాయనకు ఇంకో కారణం ఉంది. ఇది ఎవరి అనుమతీ లేని పని. నలుగురి కళ్ళల్లో పడకూడదు.

మా ఊరు ఉరవకొండ నుంచి ఆటోలో పోయే దూరం. ఊరి వెనక గుట్టలో ఒకప్పుడు బంగారు గని నడిచింది. నేను పుట్టకముందే మూతపడింది. లోపలి నుంచి తోడిన రాయి, నలగ్గొట్టిన మన్ను, అన్నీ దిబ్బలుగా అట్లాగే ఉండిపోయాయి. "వాన పడితే శెనక్కాయ, పడకపోతే దిబ్బ" అంటారు మావాళ్ళు. ఉన్న కాస్త ఎర్రనేలలో శెనక్కాయ వేస్తాం. వాన మొహం చాటేసిన ఏడు నాయన దిబ్బకు పోతాడు. మా ఊరికి వాన మొహం చూపించే ఏడాదులు తక్కువ.

పలుగురాయి ముక్కలు ఏరుకొని రావడం నాయన పని. రోట్లో వేసి దంచడం అమ్మ పని. పిండి మెత్తగా అయ్యాక వెడల్పాటి ఇనుప చట్టిలో నీళ్ళు పోసి ఆడిస్తారు. తేలికైన మన్ను నీళ్ళతో జారిపోతుంది, బరువైన నల్ల ఇసుక అడుగున నిలుస్తుంది. బంగారం ఆ ఇసుకలోనే ఉంటుంది కానీ కంటికి ఆనదు. అప్పుడు మందుసీసాలోంచి పాదరసం పోస్తారు. చిన్న సీసానే, ఎత్తబోతే చేతిని కిందికి లాగుతుంది. నాయన ఆ ఇసుకనూ పాదరసాన్నీ ఒట్టి చేతులతో పిసుకుతాడు, రొట్టెకు పిండి పిసికినట్టు. ఇసుకలో ఎక్కడ దాక్కున్నా పాదరసం బంగారాన్ని వెతికి పట్టుకుంటుంది. దాన్ని పాత పంచె గుడ్డలో వేసి గట్టిగా మెలిపెడితే ఎక్కువైన పాదరసం చుక్కలు చుక్కలుగా బయటికొస్తుంది, ముద్ద లోపల మిగులుతుంది. కడిగిన నీళ్ళు కూడా పారబొయ్యరు. గుంటలో తేర్చి మళ్ళీ వాడతారు. మా ఊళ్ళో నీళ్ళు పారబోసే మనిషి ఇంకా పుట్టలేదు.

పొయ్యి దగ్గర బండల సందుల్లో ఒక్కోసారి పాదరసపు పూసలు దొరికేవి. చీపురుపుల్లతో ఒకదాన్ని ఇంకోదానిలోకి తోసి కలిపేదాన్ని. బొమ్మలు లేని ఇంట్లో అంత మంచి ఆట ఇంకోటి లేదు.

మా ఇండ్లలో చేతులు వణికే మనుషులను చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. తాత చేతులు వణికేవి. జేజి ఇప్పటికీ నీళ్ళ చెంబును రెండు చేతులతో పట్టుకొని తాగుతుంది. దాన్ని గని వణుకు అంటారు, నల్లరంగు, పొడుగు ముక్కులాగా అది కూడా వంశంలో వచ్చేదన్నట్టు. అన్నకూ నాకూ మధ్య అమ్మకు ఇద్దరు నిలవలేదు. దానికీ ఒక మాట ఉంది. రాసిపెట్టలేదు అంటారు.

నేను అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను, కెమిస్ట్రీ. తరగతిలో వెనక వరుస నాది. నోటితో అనవలసినవన్నీ డైరీలో రాసేసుకొని బయట అనకుండా గడిపేస్తాను. లైబ్రరీలో మాత్రం పుస్తకాలు ఇచ్చే మనిషికి నా ముఖం బాగా తెలుసు.

రెండో సంవత్సరంలో ఒకరోజు ల్యాబులో ఎవరి చేతిలోంచో థర్మామీటరు జారి పగిలింది. బల్లకింద తెల్లటి పూసలు పరుగెత్తాయి. ఊరు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. మేడమ్ ముఖం మాత్రం మారిపోయింది.

"అందరూ బయటికి పోండి. కిటికీలు తియ్యండి, అన్నీ తియ్యండి. ఎవరూ తొక్కకండి."

అటెండరు గంధకం పొడి చల్లాడు. ఆ రోజు మమ్మల్ని మళ్ళీ లోపలికి రానివ్వలేదు. వరండాలో మిగతా పిల్లలు క్లాసు ఎగిరిపోయిందని సంబరపడుతున్నారు. నేను తెరిచిన కిటికీలనే చూస్తూ నిలబడ్డాను. థర్మామీటరులో ఉండేది ఎంత? ఆ కాస్తకే, అది చల్లగా నేలమీద ఉన్నందుకే, గదంతా ఖాళీ చేశారు. మేమైతే ఉన్న ఒక్క కిటికీ మూసి, సందుల్లో గోనెపట్టా కుక్కి, నిప్పుల మీద పెట్టి, దాని ఎదురుగా కడుపుతో ఉన్న మనిషిని కూర్చోబెడతాం.

ఆ వారమంతా లైబ్రరీలో అదే చదివాను. పాదరసపు ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. ఊపిరిలోంచి నెత్తురులోకి పోతుంది. మెదడుకు పోతుంది, చేతులను వణికిస్తుంది. కడుపులో బిడ్డ దాకా పోతుంది. ఈ చివరి వాక్యాన్ని మాత్రం డైరీలోకి ఎక్కించుకోలేదు. రాసుకుంటే, చెప్పవలసిన పని తీరిపోయిందని నన్ను నేను నమ్మించుకుంటానని భయం. అప్పటికి మా వదిన నెల తప్పి ఉంది.

పరీక్షల ముందు సెలవులు ఇస్తే ఊరికి వచ్చాను. వదినకు ఆ వారంలోనే ఐదో నెల నిండుతుంది. వచ్చే శుక్రవారం ఆమెనే ఎదురు కూర్చోబెడతారని నేను సంచి దించకముందే జేజి చెప్పింది, ఇంట్లో శుభకార్యం ఉన్నట్టు. అన్న బోరు లారీ మీద పని చేస్తాడు. ఆ లారీ ఎక్కడ నీళ్ళు వెతుకుతుంటే అన్న అక్కడ. ఆ నెలలో ఇంటికి వచ్చే మాట లేదు.

వదినది విడపనకల్లు వైపు ఊరు. కన్నడం, తెలుగు కలిపి గలగలా మాట్లాడుతుంది. నేను రోజంతా మాట్లాడే మాటలు ఆమె ఒక్క గుక్కలో మాట్లాడేస్తుంది. అరుగు మీద విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాం.

"ఏమమ్మీ, వచ్చినప్పటినుంచి నా కడుపుకల్లే చూస్తాండావు. ఏమన్నా రాసిండాదా ఆడ?"

"వదినా, శుక్రవారం నువ్వు ఎదురు కూకోవద్దు."

"ఎందుకు? నా జాగా నీకి కావాల్నా?"

చెప్పాను. మధ్యలో నుంచి మొదలుపెట్టాను, వెనక్కి పోయాను, థర్మామీటరు దగ్గర తడబడ్డాను. వదిన మొదట నవ్వుతూ విన్నది. తర్వాత ఒలవడం ఆపింది.

"ఇది నిజమేనా, లేకుంటే నీ పుస్తకాల్లో ఉండే మాటనా?"

"పుస్తకాల్లో ఉండే నిజమే వదినా."

"అట్లయితే మా అత్త?" గొంతు తగ్గించింది. "అత్తకు ఇద్దరు పోయినారంట కదా?"

"దానివల్లే అని నేను చెప్పలేను. కాదని కూడా చెప్పలేను."

వదిన ఒడిలోని పొట్టు దులుపుకుంది.

"నేను కూకోనంటే ఏమంటారో తెలుసునా? నిన్న మొన్న వచ్చిన కోడలు, లక్ష్మికి అడ్డం నిలబడె అంటారు. మీ అన్నకు ఫోన్ పోతాది. ఆయప్ప ఆడ బండలు తొలిచే కోపమంతా నామీద చూపిస్తాడు. నువ్వే చెప్పు అమ్మీ. నువ్వు ఈ ఇంటి బిడ్డవి. నిన్ను యాడికీ పంపియ్యలేరు."

"పెండ్లి చేసి పంపిస్తారు కదా."

"అంతవరకన్నా చెప్పు!"

ఆ సాయంత్రం నాయన దిబ్బ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చెంబు అందించి పక్కనే నిలబడ్డాను. జేజి గుమ్మం దగ్గర ఆకు నములుతోంది.

"నాయనా, ఈసారి ముద్ద బయట కాలుస్తామా?"

"బయట యాడ?"

"ఆ బండల కాడ. లోపల కాలిస్తే ఆ పొగ వదినకు మంచిది కాదు."

"పొగ యాడుండాది? నేను కాల్చేటప్పుడు ఎప్పుడన్నా పొగ చూసినావా?"

"అది కనపడదు నాయనా."

"కనపడని పొగ!" జేజి పకపకా నవ్వింది. "సదువుకున్న పిల్లకు కనపడనివన్నీ కనపడతాండాయి. దయ్యాలు కూడా కనపడతాండాయేమో అడుగప్పా."

"మీ తాత కాల్చినాడు, నేను కాలుస్తాండా" అన్నాడు నాయన. "సచ్చినామా?"

"తాత చేతులు వణికేవి కదా."

"ముసిలితనానికి వణికినాయి."

"పోయిన నాటికి తాత ముసిలాయన కాదంట కదా నాయనా. నువ్వే చెప్తివి."

నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అవసరమైన దానికన్నా ఎక్కువసేపు తుడుచుకున్నాడు.

"నిన్ను అనంతపురంలో చదివిస్తాండేది ఏమనుకున్నావు? ఆ ముద్దే. దానికే వంకలు పెడతాండావు" అని లోపలికి పోయాడు.

ఆ మాట నిజం. నిజం కాబట్టే నాకు ఒళ్ళు మండింది. ముద్ద నన్ను చదివించింది, ఒప్పుకుంటాను. చదివించి, చదవనట్టు ఉండమంటే ఎట్లా? ముద్ద కాల్చడమే మానెయ్యమని నేను అనలేదు. వాన పడని ఏడు ఆ మాట అనడానికి నా దగ్గర వేరే కూడు లేదు. తలుపు తియ్యమన్నాను. వదినను లేపమన్నాను. అంతే. ఆ కాస్తకే అన్నకు ఫోన్ పోయింది. "ఇంట్లో గలాటా పెట్టొద్దు, చదువుకో పో" అన్నాడు అన్న. వెనక బోరు మిషను హోరులో ఆయనకు నా జవాబు వినపడలేదు. నేను మళ్ళీ చెప్పాను. అదీ వినపడలేదు.

మాటలతో అయ్యేది కాదని తెలిసిపోయింది. నాకు మాటలు రావు. కానీ కూర్చోవడం వచ్చు.

శుక్రవారం పొద్దున అమ్మ గడపకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది. మధ్యాహ్నం నాయన గుడ్డ మెలిపెట్టి ముద్ద తీశాడు, నిప్పులు రాజేశాడు, కిటికీ మూసి గోనెపట్టా కుక్కాడు. జేజి కుంపటికి అటువైపు చాప వేసి వదిన నుదుట పెద్ద బొట్టు పెట్టింది. వదిన పట్టుచీరలో నిలబడి నాకేసి చూసింది. నాయన గడియ పెట్టడానికి తలుపు దగ్గరికి వచ్చాడు. అప్పటికే నేను గడప మీద కూర్చున్నాను. గడప మీద కూర్చోవడం మామూలు రోజున కూడా తప్పు. శుక్రవారం, అదీ ముద్ద కాల్చే వేళ, ఇంతవరకు ఎవరూ కూర్చుని ఉండరు. ఆరని పసుపు నా బట్టలకు అంటుకుంది.

"లెయ్‌మ్మా, తలుపెయ్యాల" అన్నాడు నాయన, నేను పరధ్యానంలో కూర్చున్నాననుకొని.

నేను లేవలేదు.

"చెవుడా ఏమే? శుక్రవారం పూట గడప మీద కూకుంటావా?" జేజి అరిచింది.

"లెయ్యను."

"ఏమన్నావు?"

"లెయ్యను నాయనా. వదిన బయటికొస్తే లేస్తా."

గట్టిగా అనాలనుకున్నాను. మామూలుగానే వచ్చింది. అయినా వచ్చింది.

"అయ్యో అయ్యో, పసుపు పూసిన గడప!" జేజి నెత్తి కొట్టుకుంది. "ఇంగ ఈ ఇంట్లోకి లక్ష్మి ఎట్లొస్తాది?"

"వస్తే నేను పక్కకు జరుగుతాలే జేజీ."

వెనక వదిన నవ్వు ఆపుకోబోయి దగ్గింది. నాయన నా మీదికి వచ్చి నిలబడ్డాడు. నన్ను ఎప్పుడూ కొట్టలేదు, ఆ రోజు కొడతాడేమో అనుకున్నాను. తలుపుచెక్కను గట్టిగా పట్టుకున్నాను, కొట్టినా లేవకుండా ఉండడానికి. ఎదురింటామె చేటలో బియ్యం ఏరుతున్నదల్లా ఏరడం ఆపింది. ఆమె చూడడం నాయన చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఊరంతా చూస్తాండాది. లెయ్. పరువు తీయొద్దు."

"చూడనీ నాయనా. మనం చేసేది మంచిదైతే చూస్తే ఏమి?"

"నిప్పులు ఆరిపోతాండాయి."

"ఆరిపోనీ."

"వదినా, ఇట్లా రా" అని పిలిచాను. వదిన రెండడుగులు వేసి ఆగింది. అమ్మకేసి చూసింది. అప్పుడు జేజి, నాయన కూడా అమ్మకేసి చూశారు. అమ్మ అప్పటిదాకా రోటి పక్కన చీపురు పట్టుకొని నిలబడి ఉంది. నేను అమ్మ పోలికే. మా ఇద్దరి మధ్య మాటలు తక్కువ.

అమ్మ చీపురు గోడకు ఆనించింది. కిటికీ దగ్గరికి పోయింది. సందుల్లో కుక్కిన గోనెపట్టా ముక్కలను ఒక్కొక్కటే లాగి కింద పడేసింది. రెక్కలు తీసింది. గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. కుంపట్లో బూడిద లేచి జేజి చీర మీద పడింది.

"నీకూ పిచ్చి పట్టిందా ఏమే?" అంది జేజి.

"నడిమి రెండుసార్లూ నేనే కూకున్యా అత్తా" అంది అమ్మ. "రెండుసార్లూ నిండు మనిషినే. బంగారు నిలబడింది."

అంతే అంది. ఏది నిలబడలేదో అమ్మ అనలేదు. జేజి చీర మీద బూడిద దులుపుకోవడం మొదలుపెట్టి, ఆపేసింది. వదిన వచ్చి నా పక్కన నిలబడింది. నేను మోకాళ్ళు పక్కకు తిప్పాను. ఆమె గడప దాటి అరుగు మీదికి వచ్చింది.

నాయన చాలాసేపు కుంపటి ముందు గొంతుక్కూర్చున్నాడు. తర్వాత లేచి, తువ్వాలుతో కుంపటి పట్టుకొని, గరిటె ఇంకో చేత్తో తీసుకొని వచ్చాడు. నేను లేచి దారి ఇచ్చాను. నా ముఖం చూడకుండా బయటికి నడిచాడు. ఇంటి వెనక బండల దగ్గర కుంపటి దించాడు. నేను వెంట పోయాను. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు.

గాలికి నిప్పురవ్వలు లేస్తున్నాయి. నాయన తన ఒంటితో గాలికి అడ్డం కూర్చోవాలని చూసి, చికాకుగా అటూ ఇటూ మారి, చివరికి సరిగ్గా గాలి తనకేసి కొట్టే వైపే కూర్చున్నాడు.

"నాయనా, ఇటు పక్కకు రా. గాలి నీకల్లే కొడతాండాది."

"పో" అన్నాడు.

పోలేదు. ఆ రోజు ముద్ద పసుపు తిరగడానికి ఎక్కువసేపు పట్టింది. ఎదురు కూర్చున్న ముత్తైదువ లేదు, నిండు మనిషి లేదు. దగ్గర నిలబడింది పెండ్లికాని పిల్ల. అయినా ముద్ద తెల్లదనం పోయింది, బూజురంగు తిరిగింది, అంచుల నుంచి మెల్లగా పసుపు వచ్చింది. నాయన దాన్ని చల్లార్చి అరచేతిలో దొర్లించి చూశాడు.

"తక్కువుండాదా నాయనా?"

"తెల్దు."

ఇంట్లోకి తెస్తుంటే జేజి కన్నెత్తి చూడకుండానే "సగం పోయింది" అంది.

ఆ సెలవులంతా నాయన నాతో మాట్లాడలేదు. జేజి నా చేతి నీళ్ళు ముట్టలేదు. వణికే చేతులతో తానే కుండలో ముంచుకొని సగం ఒలకబోసుకునేది, నేను పక్కనే ఉన్నా. నాకు బాధ వేసింది. అయినా ఆ శుక్రవారం మళ్ళీ వస్తే మళ్ళీ కూర్చుంటాననే అనుకున్నాను. ఊళ్ళో నాకు "గడప మీద పిల్ల" అని పేరొచ్చింది. "పెండ్లిచూపులకు వచ్చే వాళ్ళకు ముందే చెప్పాల, గడప మీద రెండు చాపలేసి పెట్టుకోండప్పా అని" అని వదిన ఆటపట్టించేది. తర్వాత శుక్రవారం కూడా నాయన ఎవరితోనూ అనకుండా కుంపటి ఎత్తుకొని బండల దగ్గరికే పోయాడు. కిటికీ మూయమని ఎవరూ అనలేదు. గోనెపట్టా ముక్కలను అమ్మ పొయ్యిలో వేసింది.

ఎదురింటామె ఒకరోజు చేట పట్టుకొని వచ్చి, అమ్మతో ఏదో మాట్లాడుతున్నట్టు నటించి, నాకేసి తిరిగింది. "ఆ పొద్దు ఏందో అంటివి కదమ్మీ? మా కోడలికి కూడా మూడో నెల" అంది. నేను లేచి నిలబడి చెప్పాను. ఈసారి మొదటినుంచి మొదలుపెట్టాను.

వదిన పుట్టింట్లో ప్రసవించింది. ఆడపిల్ల. ఫోన్ స్పీకర్లో పెట్టి అందరం విన్నాం, ఆ పిల్ల ఏడుపు. జేజి కాసేపు విని, "గాలికి పోయిన బంగారు ఆడపిల్లై వచ్చింది" అని నిట్టూర్చింది.

"అట్లయితే ఇంగా పోనీ జేజీ గాలికి!" అంది వదిన అటునుంచి. "ఇంగో ఇద్దరు రానీ!"

బిడ్డ బాగుంది. పాలు తాగుతుంది, ఊరు లేచిపోయేలా ఏడుస్తుంది. నేను గడప మీద కూర్చోబట్టే బాగుందని నేను అనను. అనడానికి నా దగ్గర రుజువు లేదు. జేజి మాటకు మాత్రం ఏ రుజువు ఉంది? ఇన్నేండ్లూ దాన్ని ఎవరూ రుజువు అడగలేదు. నన్నే ఎందుకు అడగాలి?

మూడో నెలలో వదిన బిడ్డతో ఇంటికి వచ్చింది. నేనూ సెలవు పెట్టి వచ్చాను. శుక్రవారం వచ్చేసరికి జేజికి ఇంకో మాట గుర్తొచ్చింది. పసిబిడ్డకు మొదటిసారి ముద్ద పసుపు తిరగడం చూపించాలట. అట్లా చూపిస్తేనే ఆ బిడ్డ ఒంటిమీద బంగారం నిలుస్తుందట. "బయటే కదా కాలుస్తాండేది, ఇంగేం భయం? ఒళ్ళో పెట్టుకొని కాసేపు కూకుంటే చాలు" అని బిడ్డను ఎత్తుకోబోయింది.

"వద్దు" అన్నాను.

"వద్దు అత్తా" అంది అమ్మ, పొయ్యి దగ్గర నుంచి.

వదిన బిడ్డను ఇంకో భుజం మీదికి మార్చుకుంది, జేజికి అందకుండా.

నాయన అప్పుడే కుంపటి ఎత్తుతున్నాడు. "లోపలే ఉండనీ" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. ఎవరి ముఖమూ చూడలేదు. తలుపు దాటి పోయాడు.

కాసేపటికి నేను పెరట్లోకి వెళ్ళి చూశాను. నాయన బండల దగ్గర కుంపటి దించాడు. వంగి చిటికెడు మన్ను తీసుకొని, చెయ్యి పైకెత్తి వదిలాడు. శెనక్కాయ తూర్పారబట్టే ముందు చూసుకున్నట్టే, అది ఏ వైపు పోతుందో చూశాడు. లేచి చుట్టూ తిరిగి, గాలి తన వెనక నుంచి వచ్చే వైపు కూర్చున్నాడు. నన్ను చూడలేదు, లేకపోతే చూడనట్టు ఉన్నాడు. నేనూ పిలవలేదు.

ముద్ద పిసకడం మాత్రం ఇంకా ఒట్టి చేతులతోనే. ఆయన చేతులు ఇంకా వణకడం లేదు. అనంతపురం నుంచి మందమైన రబ్బరు తొడుగులు తెచ్చి పాదరసం సీసా పక్కన పెట్టాను. "ఇవి తొడుక్కుంటే బంగారు చేతికి తెలుస్తాదా?" అని విసిరేశాడు. పశువుల కొట్టంలో పడ్డాయి. కడిగి ఆరబెట్టి మళ్ళీ సీసా పక్కనే పెట్టి హాస్టలుకు వచ్చాను. ఈ సెలవులకు పోయి చూస్తే మంచం కింద ఉన్నాయి, మూలకు తన్నేసినట్టు. దుమ్ము దులిపి, అక్కడే, సీసా పక్కనే పెట్టాను.